154 ఆటల్లో 146 ట్రైలు వేసిన ఫార్వర్డ్: ఫ్రాంక్ బర్జ్ గురించి, మీ అబ్బాయి గురించి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, తర్వాత చదివేవాళ్ళకు పనికొస్తుంది. మీరు సిడ్నీ వచ్చి ఏడాది కాలేదు. తొమ్మిదేళ్ళ బాబు కాస్త బొద్దుగా ఉంటాడు. పేటలోని రగ్బీ లీగ్ క్లబ్బులో చేర్పిస్తే "వీణ్ణి ఫార్వర్డ్‌గా ఆడిద్దాం" అన్నారు. ఫార్వర్డ్ అంటే ఢీకొట్టుకోవడమే తప్ప బంతి చేతికి రాదేమోనని మీ బెంగ. ఆఫీసులో ఈ మాట అంటే ఒక పెద్దాయన "ఫ్రాంక్ బర్జ్ పేరు విన్నావా? ఫార్వర్డే, ఒకే ఆటలో 8 ట్రైలు వేశాడు" అన్నాడు. ఇది నిజమా, ఆ రోజుల్లో ఎదుటివాళ్ళకు పట్టుకోవడం రాదా, ప్రొఫెషనల్ అంటున్నారు కదా ఆట మీదే బతికాడా, అంత గొప్పవాడు కోచ్ అయ్యాక ఒక్క కప్పూ ఎందుకు గెలవలేదు. ఇవీ మీ సందేహాలు.

సూటిగా జవాబు: నిజమే. 1920లో యూనివర్సిటీ జట్టు మీద సిడ్నీలోని గ్లీబ్ క్లబ్బు తరఫున ఆడుతూ బర్జ్ 8 ట్రైలు వేశాడు, అంటే ఎనిమిదిసార్లు బంతితో అవతలి గీత దాటాడు. సిడ్నీ మొదటి శ్రేణి పోటీల్లో ఆ రికార్డు ఇంతవరకూ చెక్కు చెదరలేదు. ఎదుటి జట్టు బలహీనంగా ఉన్నమాట కూడా నిజమే, దాని సంగతి కింద రాస్తాను. కానీ ఆయన్ని అంతవాణ్ణి చేసింది ఎదుటివాళ్ళ చేతగానితనం కాదు. బంతి తన చేతిలో లేనప్పుడు ఎక్కడ పరిగెత్తాలో ఆయనకు తెలుసు. ఆట మీదే బతకడం అప్పట్లో సిడ్నీలో ఎవరికీ లేదు. ఇక కోచ్ అనే మాటకు ఆ రోజుల్లో ఉన్న అర్థమే వేరు.

నా గురించి రెండు ముక్కలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. కాలేజీ రోజుల్లో చెడుగుడు ఆడేవాణ్ణి. సిడ్నీ వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. మా పెద్దాడు క్లబ్బులో చేరినప్పుడు శనివారం పొద్దున్నే నీళ్ళ సీసాలు మోసే పని ఒప్పుకున్నాను. తర్వాత బ్యాండేజీలు చుట్టడం నేర్చుకున్నాను, ఆ తర్వాత పన్నెండేళ్ళ లోపు పిల్లలకు కోచ్‌ని అయ్యాను, ఎనిమిది సీజన్లు చేశాను. చరిత్రకారుణ్ణి కాదు. కానీ లావుపాటి పిల్లలకు ఫార్వర్డ్ ఆట నేర్పేటప్పుడు ప్రతిసారీ బర్జ్ కథే చెబుతాను కాబట్టి ఆయన సంగతులు కాస్త పట్టుబడ్డాయి.

మన చదువరుల్లో ఈ ఆట తెలియనివాళ్ళ కోసం ఒక పేరా. జట్టుకు 13 మంది: ఏడుగురు బ్యాక్స్, ఆరుగురు ఫార్వర్డ్స్. బంతి పట్టుకుని పరిగెత్తి అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే ట్రై. పాస్ ఎప్పుడూ పక్కకో వెనక్కో ఇవ్వాలి, ముందుకు ఇవ్వకూడదు. చెడుగుడులో కూతకెళ్ళినవాణ్ణి పట్టేసి ఆపేస్తే అవుట్. ఇక్కడ పట్టేస్తే అవుట్ కాదు. పడ్డవాడు లేచి, బంతి నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు, ఆట సాగుతుంది. ఇప్పుడైతే ఇలా ఆరుసార్లే అవకాశం. ఆస్ట్రేలియాలో 1967 వరకూ ఈ లెక్క లేదు, పట్టు తప్పేవరకూ బంతి మీదే. ఫార్వర్డ్స్ మధ్యలో గుద్దుకుని దారి చేస్తారు, బ్యాక్స్ అంచుల్లో పరిగెత్తి ట్రైలు వేస్తారు. ఇదీ అందరికీ తెలిసిన పనుల పంపకం. మీ భయం కూడా ఇక్కడినుంచే వచ్చింది.

బర్జ్ 1894లో సిడ్నీలోని డార్లింగ్టన్‌లో పుట్టాడు. ఇంట్లో రగ్బీ ముందునుంచీ ఉంది. అన్నలు పీటర్, ఆల్బర్ట్ ఇద్దరూ 1908-09లో బ్రిటన్ వెళ్ళిన వాలబీస్ అనే ఆస్ట్రేలియా రగ్బీ యూనియన్ జట్టులో ఆడినవాళ్ళే (యూనియన్ అంటే పాత రగ్బీ, లీగ్ దాన్నుంచి విడిపోయి వచ్చిందే). ఫ్రాంక్ 1911లో పదహారేళ్ళకే గ్లీబ్ మొదటి జట్టులోకి వచ్చాడు. ఆ ఏడే గ్లీబ్ ఫైనల్ దాకా వెళ్ళి ఈస్టర్న్ సబర్బ్స్ చేతిలో 8-11తో ఓడింది. 1914లో బ్రిటన్ జట్టు వచ్చినప్పుడు టెస్టుల్లోకి అడుగుపెట్టాడు. 1926 వరకూ గ్లీబ్‌తోనే ఉన్నాడు. 1927లో సెయింట్ జార్జ్‌కు ఆడుతూనే కోచ్‌గా చేశాడు, ఆటగాడిగా అదే చివరి సీజన్. మొత్తం 154 ప్రీమియర్‌షిప్ (సిడ్నీ క్లబ్బుల ప్రధాన పోటీ) ఆటలు, 146 ట్రైలు. 1958లో పోయాడు. యాభై ఏళ్ళ తర్వాత 2008లో ఆస్ట్రేలియా శతాబ్ది జట్టును ఎంపిక చేసినప్పుడు, ఆయన ఆట కళ్ళారా చూసినవాళ్ళు దాదాపు ఎవరూ మిగలని రోజుల్లో కూడా, రిజర్వుల్లో ఆయన పేరుంది. అదే రిజర్వుల్లో ఈ ఆట తొలి రోజుల పెద్ద తార డాలీ మెసెంజర్ కూడా ఉన్నాడంటే ఆ పంక్తి ఎలాంటిదో ఊహించుకోండి.

ఆ 146 ఎంత పెద్ద సంఖ్యో చెప్పడానికి ఒక పోలిక చాలు. ఫార్వర్డ్‌ల ట్రైల రికార్డు బర్జ్ పేరిట డెబ్బై ఏళ్ళకు పైగా ఉండిపోయింది. చివరికి 2000 దశకంలో మ్యాన్లీ క్లబ్బు ఫార్వర్డ్ స్టీవ్ మెంజీస్ దాన్ని దాటాడు. మెంజీస్ 349 ఆటల్లో 180 వేశాడు, అంటే రెండు ఆటలకు ఒకటి. అది ఈ కాలంలో అద్భుతం. బర్జ్‌ది దాదాపు ఆటకొకటి. మరో పోలిక 1921-22 బ్రిటన్ పర్యటన. ఆ ఆస్ట్రేలియా జట్టులో సెస్ బ్లింక్‌హార్న్ 39, హెరాల్డ్ హార్డర్ 35 ట్రైలు వేశారు. ఇద్దరూ వింగర్లు, అంటే అంచున పరిగెత్తే బ్యాక్స్, ట్రైలు వేయడమే వాళ్ళ ఉద్యోగం. మూడో పేరు బర్జ్: 23 ఆటల్లో 33. స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లూ గుంపుగా తోసుకునే చోట, తల దూర్చి, మెడలు విరిగేలా తోసి, లేచి వచ్చి మరీ వేసినవి అవి.

ఇక అసలు విషయం: ఎలా?

బర్జ్ గురించి మొదటినుంచీ అందరూ చెప్పుకునేది ఆయన గుద్దుడు గురించి కాదు, తోడు పరుగు గురించి. మనవాడు ఎవడైనా బంతితో ముందుకు దూసుకెళ్తే బర్జ్ వాడి భుజం పక్కనే తేలేవాడు. ఇంగ్లీషు కోచ్‌లు దీన్ని బ్యాకింగ్ అప్ అంటారు. మా పిల్లలకు నేను "నీడ పరుగు" అని చెబుతాను. మన పిల్లలున్న జట్టు కాబట్టి ఆ మాట చెల్లిపోయింది, ఇప్పుడు తెల్ల పిల్లలు కూడా "నీడా నీడా" అని అరుస్తారు.

ఇది వినడానికి తేలికే. మైదానంలో చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది. బంతి ఉన్నవాడు ఎదుటివాడికి తగిలే క్షణంలో మీరు వాడికి సమానంగా ఉన్నారనుకోండి. ఒక్క అడుగు ఎక్కువ వేస్తే మీరు ముందుకెళ్ళిపోతారు, మీకిచ్చే పాస్ ముందుకు పాస్ అవుతుంది, విజిల్. మరీ వెనకుంటే బంతి నేల పాలు. అందుకే రెండు మూడు అడుగులు వెనక ఉండి, తగిలిన చప్పుడు విన్నాకే వేగం పెంచాలి. తగిలినప్పుడు బంతి ఉన్నవాడి నడుము ఒక పక్కకు తిరుగుతుంది, ఒక చెయ్యి ఖాళీగా బయటికొస్తుంది. ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టాలి. మా జట్టులో ఒక పిల్లాడు ఉండేవాడు, వయసుకు మించిన బరువు, పరుగు పందెంలో చివర్నుంచి రెండోవాడు. వాడికి నేర్పింది ఒక్కటే: బంతి వైపు చూడకు, బంతి పట్టుకున్నవాడి తుంటి చూడు. తుంటి ఎటు తిరిగితే ఆ పక్కన ఉండు. ఆ సీజన్లో మా జట్టులో ఎక్కువ ట్రైలు వాడివే. వాడు వేగం పెంచుకోలేదు, తక్కువ దూరం పరిగెత్తాడంతే. వాళ్ళమ్మ మొదట్లో "మా వాడికి ఆయాసం సార్, కాసేపు కూచోబెట్టండి" అనేది. చివరికి ఆవిడే గీత పక్కన నిలబడి "తుంటి చూడరా" అని అరిచేది.

బర్జ్ కాలానికి ఈ పద్ధతి ఇంకా బాగా అతికింది. ఎందుకంటే అప్పట్లో ఇప్పటి 10 మీటర్ల నియమం, అంటే బంతి దొర్లించేటప్పుడు ఎదుటివాళ్ళు అంత దూరం వెనక్కి తగ్గాలన్నది, లేదు. పడ్డవాడు బంతి దొర్లించేసరికి ఎదుటివాళ్ళు ముఖం మీదే ఉండేవాళ్ళు. అలాంటి గోడను దాటాలంటే ఒకడు సందు చేసి అందులోంచి బంతి బయటికి ఇవ్వాలి, ఇంకొకడు సరిగ్గా ఆ సందులోకి రావాలి. గోడ దాటాక వెనక పెద్దగా ఎవరూ ఉండరు. మారు ఆటగాళ్ళ పద్ధతి కూడా లేదు. దెబ్బ తగిలితే జట్టు పన్నెండు మందితో ఆడాల్సిందే. ఎనభై నిమిషాలూ అదే కాళ్ళతో ఆడాలి. చివరి ఇరవై నిమిషాల్లో అందరూ నడుస్తుంటే ఇంకా పరిగెత్తగల ఫార్వర్డ్ ఒక్కడుంటే స్కోరుబోర్డు ఎలా ఉంటుంది? నా లెక్కలో బర్జ్ ట్రైల వెనక ఉన్నది ఊపిరి, అంచనా. కండబలం ఆ తర్వాతే.

ఇప్పుడు మినహాయింపులు. ఇవి చెప్పకపోతే అన్యాయం.

ఆ 8 ట్రైలు తిన్న యూనివర్సిటీ జట్టుకు 1920 మొదటి సీజన్. చదువుకునే కుర్రాళ్ళు, డబ్బు తీసుకోకుండా ఆడే జట్టు. ఆరేళ్ళలో, 1926 నాటికి, అదే జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది, అది వేరే కథ. కానీ 1920లో పసికూనే. కాబట్టి ఆ ఒక్క ఆట చూసి బర్జ్‌ను కొలవకండి. ఆఫీసులో పెద్దాయన చెప్పాల్సింది 33 ట్రైల పర్యటన గురించి. అక్కడ ఎదురైనవాళ్ళలో బ్రిటన్ పేరున్న క్లబ్బుల ఆటగాళ్ళు ఉన్నారు.

రెండోది యుద్ధం. 1914-18 మధ్య సిడ్నీలో రగ్బీ యూనియన్ తన పోటీలు ఆపేసింది, లీగ్ మాత్రం ఆపలేదు. ఆటగాళ్ళలో కొందరు యుద్ధానికి వెళ్ళారు, జట్లు పలచబడ్డాయి. బర్జ్ ట్రైలలో కొన్ని ఆ సంవత్సరాలవే. ఎన్ని తీసేయాలి అంటారా, నేనైతే ఏమీ తీసేయను. ఆ నాలుగేళ్ళు అందరికీ అవే ప్రత్యర్థులు, అవే మైదానాలు. మిగతా ఫార్వర్డ్‌లు ఎందుకు వేయలేకపోయారు మరి?

మూడోది, ట్రైకి అప్పట్లో 3 పాయింట్లే, ఇప్పటిలా 4 కాదు. పాత స్కోర్లు చూసి "ఇన్ని తక్కువ పాయింట్లా" అని తికమకపడకండి.

ఇక డబ్బు సంగతి. మన క్రికెట్ చూసే కళ్ళకు ప్రొఫెషనల్ అనగానే వేలం పాటలు, కోట్లు గుర్తొస్తాయి. రగ్బీ లీగ్ పుట్టుకే వేరు. ఉత్తర ఇంగ్లండులో గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారం ఆట కోసం పని మానేస్తే కూలి పోయేది. ఆ కూలి ఇమ్మని అడిగితే దక్షిణాది పెద్దమనుషుల సంఘం ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో క్లబ్బులు కూర్చుని విడిపోయాయి. అలా పుట్టిన నార్తర్న్ యూనియన్ మొదట ఒప్పుకున్నది పోయిన పనికి రోజుకు 6 షిల్లింగులు, అంతే. 1898లో జీతం ఇవ్వడానికి ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు: ఆటగాడికి బయట నికరమైన ఉద్యోగం ఉండాలి. పబ్బులో గ్లాసులు అందించడం, బిలియర్డ్స్ బల్ల దగ్గర స్కోరు వేయడం లాంటివి ఉద్యోగం కింద లెక్కకు రావు. ఆట పేరు చెప్పి ఖాళీగా తిరిగేవాళ్ళు తయారవుతారని వాళ్ళ భయం. 1905 వరకూ ఆ మెలిక ఉంది. ఆ మరుసటి ఏడు 15 మందిని 13కు తగ్గించారు, పట్టుబడ్డవాడు లేచి బంతి దొర్లించే పద్ధతి పెట్టారు. ఇవాళ్టి ఆట రూపం అక్కడినుంచే.

సిడ్నీలో రాజుకున్నది కూడా ఒక ఫార్వర్డ్ దెబ్బ దగ్గరే. అలెక్స్ బర్డన్ అని, మంగలి పని చేసేవాడు, గ్లీబ్ ఆటగాడే. 1907లో న్యూసౌత్‌వేల్స్ జట్టుకు ఆడుతూ గాయపడ్డాడు, వారాల తరబడి కత్తెర పట్టుకోలేకపోయాడు. రగ్బీ యూనియన్ వాళ్ళు పైసా ఇవ్వలేదు. మార్కెట్ స్ట్రీట్‌లో విక్టర్ ట్రంపర్ ఆటసామాన్ల కొట్టు ఉండేది. అవును, మన క్రికెట్ పిచ్చోళ్ళకు తెలిసిన ఆ ట్రంపరే. ఆ కొట్లో ఈ గొణుగుళ్ళన్నీ చేరి, జేమ్స్ గిల్టినన్ లాంటివాళ్ళు ముందుకొచ్చి, 1907 ఆగస్టు 8న కొత్త లీగ్ పెట్టుకున్నారు. ట్రంపర్ దానికి కోశాధికారి. 1908 జనవరిలో ఆ లీగ్ కోసం మొట్టమొదట ఏర్పడిన క్లబ్బు గ్లీబ్. మరో మూడేళ్ళకు బర్జ్ చేరింది అందులోనే.

బర్డన్ సంగతి చదివినప్పుడల్లా నా భుజం గుర్తొస్తుంది. ఇక్కడికి వచ్చిన రెండో ఏడు ఒక గోదాములో గంటల లెక్కన పనిచేసేవాణ్ణి. ఆదివారం సరదా ఆటలో భుజం జారింది. రెండు వారాలు పెట్టెలు ఎత్తలేను, జీతం లేదు, అద్దె మాత్రం ఆగదు. కదా! ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్న "ఆ వయసులో చెడుగుడు ఏంట్రా" అన్నాడు. ఆయనకు ఇది చెడుగుడు కాదని చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

అంటే సిడ్నీలో తొలితరం ప్రొఫెషనల్ అంటే వారమంతా పని, సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం ఆట, దానికి కాస్త డబ్బు. ఇంగ్లండు పర్యటన లాంటివి మాత్రమే అదనం. ఆట ఒక్కటే ఉద్యోగంగా బతకడం ఇక్కడ మామూలైంది 1990లలోనే.

ఆటగాడికి అప్పట్లో హక్కులు ఎంతో చెప్పడానికి గ్లీబ్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. ఆ రోజుల్లో ఏ పేటలో ఉంటే ఆ పేట జట్టుకే ఆడాలని నియమం. 1917లో డాన్ డేవీస్ అనే ఆటగాడు గ్లీబ్ హద్దుల్లో ఉండటం లేదని తేల్చి, ఆయన్ని జీవితకాలం నిషేధించి, గ్లీబ్ గెలిచిన పాయింట్లు కోసేశారు. కోపం రగిలి గ్లీబ్ ఆటగాళ్ళు సమ్మె చేశారు, లీగ్ వాళ్ళనూ సస్పెండ్ చేసింది. పెద్దమనుషుల పెత్తనం నచ్చక విడిపోయిన లీగే పదేళ్ళు తిరిగేసరికి కొత్త పెద్దమనిషి అయ్యింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నవ్వొచ్చే చోటు ఇదే. మన ఊళ్ళో విడిపోయిన పాలసంఘాలు, గుడి కమిటీలు చూసినవాళ్ళకు కొత్తేం కాదు లెండి.

కోచ్ ప్రశ్న. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి.

ఇప్పుడు కోచ్ అంటే పైన గాజుగదిలో కూర్చుని, చెవిలో ఫోనుతో, ఆట మధ్యలో ఆటగాళ్ళను మార్చే మనిషి. 1927లో మారు ఆటగాడే లేడు. విజిల్ ఊదాక గీత బయట ఉన్న కోచ్ చేయగలిగింది అరవడమే. అందుకే తెలివైన క్లబ్బులు కోచ్‌ను మైదానంలోనే పెట్టుకునేవి. ఆడుతూ నడిపించే కెప్టెన్-కోచ్ అన్నమాట. నేర్పడం మంగళవారమో గురువారమో సాయంత్రం కాదు, శనివారం మూడు గంటలకు పక్కవాడి చెవిలో. పల్లె పట్నాల్లో కూడా ఇదే వాడుక. ఆ కాలపు ఇంకో గొప్ప ఫార్వర్డ్ బెన్ గ్రోనోను చూడండి. 1910లో లండన్‌లోని ట్వికెనమ్ మైదానంలో మొట్టమొదటి అంతర్జాతీయ ఆటకు బంతి తన్ని మొదలుపెట్టిన వేల్స్ ఆటగాడు. తర్వాత లీగ్‌కు మారి 1914-15లో నాలుగు కప్పులూ ఎత్తిన హడర్స్‌ఫీల్డ్ జట్టులో గోల్స్ కొట్టాడు. అంతటివాడు 1925లో న్యూసౌత్‌వేల్స్ లోపలి ఊరు గ్రెన్‌ఫెల్‌కు ఆడుతూ నేర్పడానికి వచ్చాడు. గోధుమ చేల మధ్య చిన్న ఊరు. అక్కడి కుర్రాళ్ళకు అది ఎలా ఉండి ఉంటుందో!

సెయింట్ జార్జ్ క్లబ్బు ఈ పోటీల్లోకి వచ్చింది 1921లో. ఆ రోజుల్లో అది పెద్ద పేరేమీ కాదు, వరసగా పదకొండు కప్పులు కొట్టిన కథ 1956లో మొదలైంది. 1927లో బర్జ్ ఆడుతూ నేర్పే కోచ్‌గా వచ్చిన ఏడే జట్టు ఫైనల్ చేరింది. అక్కడ సౌత్ సిడ్నీ చేతిలో 11-20తో ఓడింది. ఓటమి అంటారా? సౌత్ సిడ్నీ 1925 నుంచి 1932 వరకూ ఎనిమిది సీజన్లలో ఏడుసార్లు గెలిచింది, 1925లోనైతే ఒక్క ఆటా ఓడలేదు. ఆ జట్టుకు ఎదురు నిలబడి ఓడినవాళ్ళ జాబితాలో సిడ్నీలో అందరూ ఉన్నారు.

ఆటగాడిగా కూడా బర్జ్ ప్రీమియర్‌షిప్ గెలవలేదు. గ్లీబే ఎప్పుడూ గెలవలేదు. 1922 ఫైనల్‌లో నార్త్ సిడ్నీ చేతిలో 3-35తో చిత్తయింది, 1929 తర్వాత క్లబ్బునే పోటీల్లోంచి తీసేశారు. బర్జ్ తర్వాతి ఏళ్ళలో కూడా సిడ్నీ క్లబ్బులకు కోచింగ్ ఇచ్చాడు, కప్పు మాత్రం రాలేదు.

నా అభిప్రాయం అడిగితే, బర్జ్‌కు ఉన్న అసలు విద్య నేర్పడానికి మహా కష్టమైనది. గుద్దడం నేర్పొచ్చు, పట్టడం నేర్పొచ్చు, ప్లాన్లు బోర్డు మీద గీయొచ్చు. తగిలే క్షణం ముందే పసిగట్టడం మాటల్లో పెట్టేది కాదు. ఎనిమిది సీజన్లలో నా దగ్గర వంద మందికి పైగా పిల్లలు ఆడి ఉంటారు. తుంటి చూడమని అందరికీ చెప్పాను. అది నిజంగా ఒంటబట్టినవాళ్ళు నలుగురైదుగురు. మిగతావాళ్ళు తుంటి చూస్తూ చూస్తూ వెళ్ళి దానికే గుద్దుకున్నారు! పక్కనే ఆడుతూ చూపిస్తే కొంత అంటుతుందేమో, 1927లో జరిగింది అదే అయ్యుండొచ్చు. గీత బయట నిలబడి చెప్పేసరికి అది పోయింది. ఇది నా ఊహ, చరిత్ర కాదు.

ఆసక్తి ఉంటే ఒక ఆదివారం గ్లీబ్ వైపు వెళ్ళండి. చేపల మార్కెట్‌కు ఎలాగూ వెళ్తారుగా. అక్కడికి దగ్గర్లోనే వెంట్‌వర్త్ పార్క్ ఉంది, పక్కనే పాత రైలు వంతెన ఇటుక కమానులు. కుక్కల పందేలతో పేరుపడ్డ చోటు. అప్పట్లో గ్లీబ్ సొంత మైదానం అదే. 1908 ఏప్రిల్ 20న, ఈ లీగ్ మొదలైన రోజున, అక్కడ ఆటలు జరిగాయి. నేను మా జట్టును ఒకసారి తీసుకెళ్ళాను. పిల్లలకు కుక్కలే నచ్చాయి.

ఇక మీ బాబు. ఫార్వర్డ్‌గా ఆడించండి, భయం వద్దు. ఆ వయసులో స్థానం రెండేళ్ళకోసారి మారిపోతుంది, మా పెద్దాడు ప్రాప్ అనే ఫార్వర్డ్ స్థానంలో మొదలై వింగ్‌లో తేలాడు. మొదటి ప్రాక్టీసుకు ముందే పళ్ళ డాక్టరు దగ్గర కొలత తీయించి మౌత్‌గార్డ్ చేయించండి. మందుల షాపులో దొరికేది వేడినీళ్ళలో ముంచి కొరికించేది, పళ్ళకు అంత బాగా అతకదు. టాకిల్ చేసేటప్పుడు, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపేటప్పుడు, తల ఎటు పెట్టాలో కోచ్ ఎన్ని వారాలు నేర్పుతాడో అడగండి. తల ఎప్పుడూ బంతితో పరిగెత్తేవాడి వెనక పక్కకు ఉండాలి, వాడి ముందుకు రాకూడదు. "అది ఆడుతుంటే వచ్చేస్తుంది" అనే జవాబు వస్తే ఇంకో క్లబ్బు చూసుకోండి. శనివారం పొద్దున ఆట ఉంటే ముందురోజు రాత్రి పప్పన్నం పెట్టండి, పొద్దున అరటిపండు చాలు. ఇడ్లీలు పెట్టి పంపితే ఏమవుతుందో మా కారు వెనక సీటుకు తెలుసు.